పూజ అయిపోయిన మిషన్

మొన్న మా ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన పెయింటరు డబ్బా మూత తీసి, కర్ర పెట్టి అడుగుదాకా కలిపి చూశాడు. చూసి, అదేదో తన ఘనకార్యం అయినట్టు, "చూడండి మేడం, ఆరు నెలల నుంచీ షాపులో కూర్చున్న డబ్బా. అడుగున గడ్డే కట్టలేదు" అన్నాడు. నేను వంటింట్లోంచే, "అందులో సోయా జిగురు వేస్తారయ్యా, అందుకే కట్టదు" అన్నాను. ఈవిడకేదో అయింది అన్నట్టు నా వంక ఒకసారి చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు.

జిగురు అన్నది నా మాట కాదు. చదువుకున్నవాళ్ళం లెసిథిన్ అంటాం. జిగురు అనేవాడు బెంగుళూరు పక్క అత్తిబెలెలో నేను పనిచేసిన ఫ్యాక్టరీలో మా సెక్షన్ ఆపరేటరు. ఆయన పోయి వచ్చే నెలకి రెండేళ్ళు. ఆ రోజు అన్నం తింటున్నా, గోడలకి రంగు పడుతుంటే చూస్తున్నా ఆయనే గుర్తొచ్చాడు.

పేరు చెప్పను. ఫ్యాక్టరీలో కూడా ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఓనరు దగ్గర్నుంచి లారీ క్లీనరు దాకా కంటపడ్డ ప్రతి మగవాణ్ణీ "ఏమప్పా" అనేవాడు కాబట్టి, అందరూ తిరిగి ఆయన్నే అప్పా అనేవాళ్ళు. నన్ను మాత్రం "మేడమ్మా" అనేవాడు. మేడం అంటే మరీ దూరం, అమ్మా అంటే మరీ చనువు, రెండూ కలిపేస్తే సరిపోతుందని ఆయన లెక్క. తాతల నాడే ఆనేకల్ దగ్గరికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. మనుషులతో తెలుగు మాట్లాడేవాడు, మిషన్లతో కన్నడం. ఎందుకని అడిగితే, "వీటిని బెంగుళూరు పీణ్యలో చేసినారు మేడమ్మా. వీటికి తెలుగేం తెలుస్తాది?" అన్నాడు. తమాషాకి అన్నాడేమోనని మొహం చూశాను. తమాషా ఏం లేదు.

మా పని చెప్పాలంటే నాలుగు ముక్కల్లో అయిపోతుంది. సోయా గింజల్ని ఆడించి నూనె తీస్తాం. నూనె వేడిచేసి కాసిని నీళ్ళు కలిపితే, అందులో ఉన్న జిగురు ఆ నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది. దాన్ని గిర్రున తిప్పే మిషన్లోకి పంపితే నూనె ఒక పక్కకి, జిగురు ఒక పక్కకి వచ్చేస్తాయి. ఆ మిషన్‌ని ఆయన కవ్వం అనేవాడు. అలా వచ్చిన పచ్చి జిగురులో ఇంచుమించు సగం నీళ్ళే. డ్రయ్యర్లో ఆ నీళ్ళన్నీ లాగేస్తే ముదురు తేనెలాంటిది మిగులుతుంది. రంగుల కంపెనీలకీ, ఇంకుల వాళ్ళకీ, తోళ్ళు మెత్తబరిచే వాళ్ళకీ పోయేది అదే. ఒక లారీ గింజలు ఆడిస్తే ఒక డ్రమ్ము కూడా నిండదు.

"నూనెగాళ్ళకి ఇది మురికి. మనకి ఇదే కూడు" అనేవాడు. ఫ్యాక్టరీ చూడ్డానికి ఎవరొచ్చినా ఈ మాట చెప్పి, వాళ్ళు వద్దంటున్నా ఒక చుక్క బొటనవేలికి పూసి పంపేవాడు. పాపం, వాళ్ళు కారెక్కేదాకా ఆ వేలిని విడిగా పట్టుకుని నడిచేవాళ్ళు.

నేను హిందూపురం నుంచి కెమిస్ట్రీ డిగ్రీ పట్టుకుని ల్యాబులో చేరిన మొదటి వారమే మా ఇద్దరికీ చెడింది. ఎండిన జిగురులో తేమ ఒక శాతం దాటకూడదు. నా మిషన్ సున్నా పాయింట్ తొమ్మిది చూపించింది. ఆయన ఒక చుక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, వేళ్ళు మెల్లగా విడదీసి, తీగ ఎంత దూరం సాగి తెగిందో చూసి, "ఒకటిన్నర" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చదువుకుని వచ్చింది నేనా ఈయనా? తీరా చూస్తే నా మిషన్‌లో పోసే మందు పాతది. కొత్తది పోసి చూస్తే ఒకటీ పాయింట్ నాలుగు.

అలాగని ఆయన వేళ్ళేమీ దేవుడి వేళ్ళు కాదు. ఆ తర్వాత నుంచీ రోజూ పందెమే, ఓడినవాళ్ళు కాఫీ పోయించాలి. పది సార్లలో రెండు మూడు సార్లు ఆయనా తప్పేవాడు, ముఖ్యంగా చలికాలం పొద్దుటి పూట. ఓడినరోజు మొహం ఇంత చేసుకుని సాయంత్రం దాకా నాతో మాట్లాడేవాడు కాదు. కాఫీ మాత్రం పంపేవాడు, తను రాకుండా.

ఇరవై ఏళ్ళు జిగురు పిసికిన ఆ వేళ్ళకి గీతలు కూడా సరిగ్గా మిగల్లేదు. ఫ్యాక్టరీలో వేలిముద్రల హాజరు మిషన్ పెట్టినప్పుడు అది ఆయన్ని ఒప్పుకునేది కాదు. శనగపిండితో కడిగేవాడు, లుంగీకి తుడిచేవాడు, వేలు మార్చేవాడు. వెనకాల లైను పెరిగిపోయేది. "ఏయ్, నానే కణే!" అని, నేనేనే అని, దాన్ని కన్నడంలో గద్దించేవాడు. ఆఖరికి ఆఫీసు వాళ్ళు ఎడమచేతి చిటికెనవేలు నమోదు చేసుకున్నారు. ఆ వేలితో జిగురు ముట్టుకోవద్దని ఆయనకి గట్టిగా చెప్పారు కూడా.

ఇక భక్తి. గుళ్ళూ గోపురాలూ పెద్దగా లేవు. ఆయన భక్తంతా మిషన్ల మీదే. పొద్దున్నే వచ్చి చెప్పులు విడిచి, కవ్వాన్నీ డ్రయ్యర్నీ ముట్టి కళ్ళకద్దుకోకుండా బూట్లలో కాలు పెట్టేవాడు కాదు. ఆయుధపూజ వచ్చిందంటే బెంగుళూరులో ఆటోల నుంచి కత్తెర్ల దాకా అన్నిటికీ పూజ చేస్తారు కదా. పూజ అయిపోయాక ఆ పూట వాటిని ముట్టుకోరు. మిగతావాళ్ళకి అదొక సెలవు. ఆయనకి అది మాట తప్పరాని సంగతి. నేను చేరిన మొదటి ఏడు, పూజ అయ్యాక ఎవరో ఎలక్ట్రీషియన్ డ్రిల్లు పెట్టి గోడకి బొక్క కొట్టబోతే, ఈయన వెళ్ళి ప్లగ్గు లాగేశాడు. "అమ్మ పడుకోనుండాది. ఏడాదంతా చాకిరీ చేసిన తల్లిని ఒక పూట పడుకోనీవా?" అని వాణ్ణి ఉతికి ఆరేశాడు. వాడు నెలరోజులు మా సెక్షన్ వైపు తొంగిచూడలేదు.

ఆ సంగతి తెలిస్తేనే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

నేను చేరిన నాలుగో ఏడు ఓనరు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఎక్కడో తయారైన జిగురు డ్రమ్ములు దిగుమతి చేసుకుని, చిన్న డబ్బాల్లో నింపి అమ్ముకుంటే తలనొప్పి ఉండదని. అలా అయితే మా సెక్షనే అక్కర్లేదు. నాతో, అప్పాతో కలిపి ఎనిమిది మందిమి. అప్పా ఓనరు వెంటపడ్డాడు. ధారవాడ వైపు రైతులు సోయా బాగా వేస్తున్నారు, మన గింజలతో ఒక్కసారి తీసి చూద్దామని. ఒక రంగుల కంపెనీ కూడా ఇక్కడి గింజల జిగురైతే పరీక్షకి రెండు డ్రమ్ములు పంపమంది. ఓనరు సరేనన్నాడు. రెండు డ్రమ్ములూ పాసైతే సెక్షన్ ఉంటుంది, లేకపోతే దసరా అయ్యాక మూసేస్తానన్నాడు. అంత స్పష్టంగా చెప్పాడు.

కొత్త పంట గింజలు ఆరు లారీలు వచ్చాయి. కోతల టైములో వానపడి గింజలు కాస్త దెబ్బతిన్నాయి. అలాంటి గింజల్లో జిగురు తక్కువ దిగుతుంది. ఆరు లారీలకీ కలిపి సరిగ్గా రెండు డ్రమ్ములకి సరిపోను వచ్చింది. ఇంకో లారీ లేదు, ఇంకో అవకాశం లేదు.

పచ్చి జిగురు తీయడం ముగిసింది ఆయుధపూజ రోజు పొద్దున పది గంటలకి. ఆరబెట్టడానికి మూడు గంటలు. పూజ రెండింటికి. లెక్క సరిపోయింది కదా అనుకుంటుండగానే డ్రయ్యర్ పంపు సీలు పోయింది. ఫిట్టరు బొమ్మసంద్ర పోయి కొత్త సీలు తెచ్చి బిగించేసరికి రెండు. అప్పటికే అరటి పిలకలు కట్టేశారు, పురోహితుడు వచ్చేశాడు. ఆయనకి ఆ సాయంత్రం లోపల ఇంకా ఆరు ఫ్యాక్టరీలున్నాయట. ఓనరుగారి తల్లి, మేమంతా దొడ్డమ్మ అంటాం, కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ కూర్చున్నాక ఇంకాసేపాగండి అని చెప్పే మగాడు ఆ ఫ్యాక్టరీలో లేడు. మిషన్లన్నిటికీ గంధం, కుంకుమ, పూలదండలు పడ్డాయి. బూడిదగుమ్మడికాయ పగిలింది. చేతిలో బొరుగులూ మిఠాయీ పొట్లం పడగానే మూడింటికల్లా అందరూ ఇళ్ళకి పోయారు.

ట్యాంకులో పచ్చి జిగురు అలాగే ఉంది. అది పాలలాంటిది, ఉంచితే పులుస్తుంది. మర్నాడు విజయదశమి సెలవు. ఎల్లుండిదాకా ఉంటే దాని దగ్గరికి కూడా పోలేం. పులవకుండా మందు కలపొచ్చు గానీ, కంపెనీవాళ్ళు మందు కలిపితే తీసుకోబోమని ముందే రాసిచ్చారు.

నాకప్పుడు ఆరో నెల. మా ఆయన బండి మీద వస్తానన్నాడని ఆగాను. సెక్షన్లో నేనూ అప్పా తప్ప ఎవరూ లేరు.

"ఏం చేద్దాం?" అన్నాను.

"ఏం చేసేదుండాది? ఎల్లుండి పొద్దున్నే వేసుకుందాం."

"ఎల్లుండికి పులిసిపోతుంది."

"తెలుసు."

"తెలిసీ ఊరుకుంటారా?"

"పూజ అయిపోయింది మేడమ్మా" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

నాకు మాత్రం కోపం తన్నుకొచ్చింది. ఎనిమిది మంది తిండి ట్యాంకులో పులుస్తుంటే ఈ పట్టింపులేమిటి? "మీరు పక్కకి జరగండి, నేను నొక్కుతాను. నాకు ఇలాంటి నమ్మకాలేం లేవు" అని డ్రయ్యర్ స్విచ్చులుండే ప్యానెల్ వైపు నడిచాను. ఆ మనిషి అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూళ్ళేదు. నాకూ ప్యానెల్‌కీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు ముట్టొద్దు."

"పాపమైతే మీకు గానీ నాకు కాదు కదా అప్పా. నేను నమ్మను."

"కడుపుతో ఉండావు. నమ్మినా నమ్మకున్నా ముట్టొద్దు."

ఖాళీ డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. లేచి ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. "ఎనిమిది ఇండ్లు" అన్నాడు చివరికి, నాతో కాదు.

కొళాయి దగ్గరికి వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చాడు. ప్యానెల్ మీది దండ రెండు చేతులా తీసి బల్ల మీద పెట్టాడు. కుంకుమ తుడవలేదు. దండం పెట్టుకుని, "తాయీ, తప్పాయ్తు. ఏళు" అన్నాడు. అమ్మా, తప్పయింది, లే అని. చూపుడువేలితో నొక్కాడు.

మూడు గంటలు డ్రయ్యర్ తిరిగింది. నాకు స్టూలు తెచ్చి వేశాడు. రెండు డ్రమ్ములూ నిండాయి. వేళ్ళతో తీగ సాగదీసి చూడలేదు. "నువ్వే చూసుకో" అన్నాడు. సున్నా పాయింట్ ఏడు. తల ఊపి, దండ తీసుకుని మళ్ళీ ప్యానెల్‌కి వేశాడు. "ముందు గేటు కాడ పూజ లారీలు అడ్డముండాయి. మీ ఆయన్ని వెనక గేటుకి రమ్మని చెప్పు" అన్నాడు. అలాగే వెనక గేటు నుంచి వెళ్ళిపోయాను.

డ్రయ్యర్ చప్పుడు వాచ్‌మన్ విన్నాడు. సెలవయ్యాక మొదటిరోజే దొడ్డమ్మ వచ్చి, సెక్షన్ మధ్యలో నిలబడి అందరి ముందూ అప్పాని అడిగింది.

"నువ్వేనా?"

"నేనే దొడ్డమ్మా."

"ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. నాకు నేనే చేసినా."

నేను ల్యాబు అద్దం వెనకాల ఉన్నాను. ఆరు అడుగులు వేస్తే చాలు. వెయ్యలేదు. ఏదో పట్టింపు, నాలుగు తిట్లతో పోతుంది, నేను పోయి ఇంకా పెద్దది చేయడమెందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి భయం. దానికి ఇంకో పేరు లేదు.

డ్రమ్ములు పాసయ్యాయి. ఆర్డరొచ్చింది. ధారవాడ గింజలు ఇప్పటికీ వస్తున్నాయట, సెక్షన్ ఇప్పటికీ నడుస్తోంది. ఓనరు అప్పాకి శాలువా కప్పాడు. దొడ్డమ్మ మాత్రం ఆయనతో మాట్లాడ్డం మానేసింది. ఆ తర్వాత ఫ్యాక్టరీలో ఏది చెడినా ఆ రోజు మీదకే పోయేది. బేరింగు విరిగితే అదే, గోడౌనులోకి వాననీళ్ళు వస్తే అదే. ఆయన విని ఊరుకునేవాడు.

నాకు డిసెంబరులో, చెప్పిన తేదీకి చాలా ముందుగానే, కాన్పు అయింది. ఆడపిల్ల. మూడు వారాలు అద్దాల పెట్టెలో పెట్టారు. మా అత్తగారు ఏ దేవుడికి ఏం తక్కువ చేశామా అని మొత్తం వంశాన్ని వెనక్కి తిరగేసింది. నేను నోరు మూసుకుని ఆ అద్దం పక్కన కూర్చున్నాను. పిల్ల బాగుపడింది. నేను మళ్ళీ అత్తిబెలె పోలేదు, బెంగుళూరులోనే ఇంకో ల్యాబులో చేరాను.

ఏడాదిన్నర తర్వాత తెలిసింది, అప్పా కుడిచేతి వేళ్ళకి స్పర్శ పోయిందని. వేడి పైపు మీద చెయ్యి పెట్టి, చర్మం కాలిన వాసన వచ్చేదాకా తెలుసుకోలేదట. ఇంటికి పంపేశారు. ఫోన్ చేసి చెప్పినవాడు చివర్న ఒక మాట కలిపాడు. "ఏ వేలితో నొక్కినాడో ఆ వేలే మేడం" అన్నాడు.

ఆ ఆదివారమే అత్తిబెలె వెళ్ళాను. అప్పా గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. చేతికి కట్టు. నన్ను చూసి, "మేడమ్మా, బిడ్డని తేలేదా?" అన్నాడు మొదట. వాళ్ళావిడ రాగిజావ తెచ్చిచ్చి లోపలికి పోయింది.

"ఇది షుగరు అప్పా. నరాలు దెబ్బతింటాయి. డాక్టరు చెప్పలేదా మీకు?"

"చెప్పినాడు. పదేండ్ల నుంచే ఉండాదంట. మైసూరుపాకు నేనేం తక్కువ తిన్నానా?"

"మరి వాళ్ళంతా అలా అంటుంటే ఎందుకు ఊరుకుంటారు? చెప్పొచ్చు కదా."

కట్టు వంక చూసుకున్నాడు. "చెప్తే ఆ మాట నా చేతి మీది నుంచి దిగుతాది. దిగి ఊరికే ఉంటాదా మేడమ్మా? ఇంకొకరిని ఎతుక్కుంటాది. ఆ పొద్దు ఇంకెవరుండారు అని మళ్ళీ అడుగుతారు. నీ బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది, అద్దాల పెట్టెలో పెట్టినారు, అందరికీ తెలుసు. తీసుకపోయి ఆ పసిదాని మీద వేస్తారు. అది పెద్దయ్యేదాకా, పడినా లేచినా అదే చెప్తారు. నా మీదనే ఉండనీ. నేను ముసిలోణ్ణి, నాకేమైతాది?"

వెనక గేటు ఎందుకు చూపించాడో నాకప్పుడు అర్థమైంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది?

"మీరు నమ్ముతారు కదా అప్పా. మీకు భయం వేయదా?"

"ఎందుకెయ్యదు?" అన్నాడు. నేను వచ్చేటప్పుడు, "ఎవరితోనూ అనొద్దు" అని రెండుసార్లు చెప్పాడు.

ఆయన పోయిన కబురు వచ్చినప్పుడు మా అమ్మాయికి అయిదేళ్ళు. ఇంట్లో వదిలి పోదామంటే చూసేవాళ్ళు లేరు, వెంటపెట్టుకుని వెళ్ళాను. వాకిట్లో ఫ్యాక్టరీ వాళ్ళంతా ఉన్నారు. దొడ్డమ్మ కూడా వచ్చింది, కర్ర పట్టుకుని. ఎవరో, ఎవరైతేనేం, మెల్లగా అన్నారు. "మంచోడు. ఆయుధపూజ పొద్దు మిషన్ ముట్టకుండా ఉండుంటే ఇంకా పదేండ్లు బతికేవాడు."

అనొద్దని ఆయన చెప్పిన మాట గుర్తుంది. నా చేతిలో పిల్ల చెయ్యి ఉంది. అయినా నావల్ల కాలేదు.

"ఆ రోజు నేనూ ఉన్నాను. వద్దు వద్దంటుంటే నేనే నొక్కబోయాను. నన్ను ముట్టుకోనివ్వకుండా ఆయన నొక్కాడు" అన్నాను. అందరికీ వినపడేలాగే అన్నాను.

దొడ్డమ్మ నన్ను చూసింది, తర్వాత పిల్లని చూసింది. గోడవార కూర్చున్న అప్పా భార్య లేచి నా దగ్గరికి వచ్చింది. "తెలుసులేమ్మా. ఆ పొద్దే ఇంటికొచ్చి నాకు చెప్పినాడు" అంది. కిందికి వంగి మా అమ్మాయి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"ఈ బిడ్డేనా?"

అవునన్నాను.

అందరి ముందూ దాన్ని దగ్గరికి తీసుకుని నెత్తిన ముద్దు పెట్టింది. "ఏమీ కాలేదు చూడు. బాగుండాది" అంది.